పక్కింటిపై నాలుగో స్లాబ్ పడుతుంటే ఏం చేయాలి?

హైదరాబాద్ పాతబస్తీలోనూ, టోలిచౌకి, మెహదీపట్నం గల్లీల్లోనూ ఇప్పుడిది మామూలైపోయింది. నిన్నటిదాకా ఒక్క కుటుంబం ఉన్న వంద గజాల ఇంటిని కూలగొడతారు. రెండంతస్తులకు అనుమతి తీసుకుని నాలుగు వేస్తారు, పైన పెంట్‌హౌస్ అదనం. ఫ్లోర్‌కు రెండు మూడు పోర్షన్లు చేసి టూలెట్ బోర్డు తగిలిస్తారు. ఒక్క కుటుంబం ఉన్న చోట పది కుటుంబాలు దిగుతాయి. మోరీ మాత్రం పాతదే, నల్లా పైపు పాతదే, గల్లీ వెడల్పూ పాతదే. వానాకాలంలో మోరీ నీళ్లు పొంగి వచ్చేది పక్కింటి వాకిట్లోకే.

అడిగితే "నా జాగా, నా ఇష్టం" అనే జవాబొస్తుంది. గల్లీలో అందరూ తెలిసినవాళ్లే, శుక్రవారం మస్జిద్‌లో ఒకే సఫ్‌లో నిలబడేవాళ్లే కాబట్టి చాలామంది అక్కడితో ఊరుకుంటారు. ఇందులో ఇంకో చిక్కూ ఉంది. నగరంలోని చాలా కాలనీల్లో ముస్లిం కుటుంబానికి ఇల్లు కిరాయికి దొరకడం కష్టం. పేరు చెప్పగానే "ఇప్పుడే ఇచ్చేశాం" అంటారు. దాంతో అందరూ అవే బస్తీల్లో పోర్షన్లు వెతుక్కోవాల్సి వస్తోంది. కిరాయి పెరిగేదీ, ఇళ్లు పైకి లేచేదీ ఇందుకే. కొడుకు పెళ్లికి ఒక గది వేసుకోవడం వేరు, కిరాయి వ్యాపారం కోసం గాలి, వెలుతురు లేని పది పోర్షన్లు లేపడం వేరు. రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

చట్టం ఏమంటోంది? 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ (ఇప్పుడు టీజీ-బీపాస్) చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో గ్రౌండ్ ప్లస్ వన్ ఇంటికి ఒక్క రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు యజమాని సొంత ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి వస్తుంది. అంటే కాగితం మీద యజమాని రాసిందే ప్లాను. గల్లీలో నిజంగా ఏం లేస్తోందో మొదట కనిపించేది పక్కింటివాళ్లకే.

కాబట్టి ఫిర్యాదుకు సమయం ముఖ్యం. రెండో స్లాబ్ సెంట్రింగ్ కొడుతున్నప్పుడు ఆపడం తేలిక. కిరాయిదార్లు దిగాక కష్టం. అప్పుడు రోడ్డున పడేది వాళ్లే, యజమాని కాదు. ముందుగా పెద్దల్ని కూర్చోబెట్టి మాట్లాడటం మంచిదే, కానీ ఆ మాటల మధ్య ఇంకో స్లాబ్ పడకుండా చూసుకోవాలి. జీహెచ్‌ఎంసీ సర్కిల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ విభాగానికి ఇంటి నంబరు, తేదీ ఉన్న ఫొటోలతో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. నోటిమాటగా చెప్పింది ఎవరికీ గుర్తుండదు. ఒక్కరు కాకుండా ఐదారు ఇళ్లవాళ్లు సంతకాలు పెడితే ఒకరి మీదే కక్ష పెరగదు. కదలిక లేకపోతే 10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ కింద మంజూరైన ప్లాను, ఇచ్చిన నోటీసుల కాపీలు అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ కాగితాలే రేపు హైకోర్టుకు వెళ్లాల్సి వస్తే పనికొస్తాయి.

జీహెచ్‌ఎంసీ చట్టంలో సెక్షన్ 452 కింద నోటీసు ఇవ్వవచ్చు, 461ఏ కింద సీలు వేయవచ్చు. "టాక్స్ కడుతున్నాం కదా" అనే వాదన నిలవదు. ఇంటి పన్ను రసీదు అనుమతి కాదు. "తర్వాత రెగ్యులరైజ్ చేయించుకుంటాం" అనేదీ గట్టి భరోసా కాదు. 2015 నాటి బీపీఎస్ ఆ ఏడాది అక్టోబర్ 28 లోపు కట్టినవాటికే. అధికారులు ఏళ్ల తరబడి పట్టించుకోకపోయినా, ఎంత డబ్బు పెట్టినా అక్రమ నిర్మాణం సక్రమం కాదని సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 17న చెప్పింది. కట్టే చోట మంజూరైన ప్లానును అందరికీ కనిపించేలా పెట్టాలని కూడా ఆదేశించింది.

ఫిర్యాదు చేస్తే బుల్డోజర్ వస్తుందేమోనన్న భయం మన ఇళ్లలో ఉంది, అది ఉత్తి భయమూ కాదు. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు దీనికి హద్దులు గీసింది. ముందు నోటీసు, జవాబుకు 15 రోజులు, స్వయంగా చెప్పుకునే అవకాశం, కూల్చివేత ఆర్డరు వచ్చాక మరో 15 రోజులు ఉండాలి. రోడ్డు, ఫుట్‌పాత్, చెరువు వంటి వాటిని ఆక్రమించిన కట్టడాలకు మాత్రం ఈ రక్షణ లేదు.

2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు, వారిలో చిన్నపిల్లలూ ఉన్నారు. అది పోర్షన్ల బిల్డింగు కాదు, కింద దుకాణాలు, పైన ఇల్లు. కానీ లోపలికి ఇరుకు దారి, పైకి ఇరుకు మెట్లు. గల్లీల్లో లేస్తున్న బిల్డింగుల్లోనూ పరిస్థితి ఇదే. నివాస భవనాలకు 18 మీటర్ల ఎత్తు దాటితేనే ఫైర్ ఎన్‌ఓసీ అడుగుతారు కాబట్టి నాలుగైదు అంతస్తుల ఇళ్లను ఫైర్ శాఖ వచ్చి చూడదు.

పోర్షన్ చూడటానికి వెళ్లే కుటుంబాలూ కిరాయి ఎంత, నీళ్లు ఎన్ని గంటలు అని అడిగి ఆగిపోతున్నాయి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉందా అని అడగాలి. మెట్ల మీద ఇద్దరు ఎదురెదురుగా వస్తే పట్టేంత జాగా ఉందా, మీటర్లన్నీ మెట్ల కిందే బిగించారా, టెర్రస్ తలుపుకు తాళం ఉందా, ఉంటే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అనేవి అడ్వాన్స్ ఇవ్వకముందే చూసుకోవాలి. ఇచ్చిన అడ్వాన్స్‌కు రసీదు, కిరాయి అగ్రిమెంట్ తీసుకోవాలి. బిల్డింగుకు సీలు పడిన రోజున ఆ డబ్బు వెనక్కి అడగడానికి చేతిలో ఉండే ఆధారం ఆ కాగితమే.