పొగ లేని నిప్పు

మంచిర్యాల జిల్లాలో బెల్లంపల్లి ఉంది. అది బొగ్గుబాయిల ఊరు. అక్కడ చలి ఎక్కువ. పుష్యమాసం వచ్చిందంటే పొద్దెక్కినా మంచు విడవదు.

సింగరేణి బాయిల్లో పనిచేసి దిగిపోయిన కార్మికులు ఆ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. 61 ఏళ్లు నిండితే బాయి పని అయిపోతుంది. పిల్లలు బతుకుదెరువుకు తలో ఊరు పోతారు. ఇక ఇంట్లో మిగిలేది ఇద్దరే. ఒక అవ్వ, ఒక తాత.

అలాంటి ఇంట్లో చలికాలపు రోజు ఎలా గడుస్తుందో చూద్దాం. అలాంటి అవ్వా తాతా మీ వాడలో కూడా ఉంటారు.

పొద్దున

తాతకు తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చింది. మొదటి షిఫ్టుకు పోయిన అలవాటు అది. లేచి చెప్పులు వేసుకోబోయాడు. అవ్వ ఊరుకోలేదు.

"గింత చలిల ఏడికి పోతవయ్యా? మస్టరేమన్న పడాల్నా?" అంది.

అవ్వ ఆపడం మంచిదే. చలికి మన ఒంట్లోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. సన్నని గొట్టంలోంచి నీళ్లు నెట్టాలంటే ఎక్కువ బలం కావాలి కదా! అలాగే ముడుచుకున్న నాళాల్లోకి రక్తం నెట్టడానికి గుండె ఎక్కువ కష్టపడాలి. రక్తపోటు పెరుగుతుంది. అందుకే చలికాలంలో పెద్దవాళ్లకు గుండెపోటు, పక్షవాతం వచ్చే భయం ఎక్కువ.

పెద్దవాళ్లు పక్క మీద నుంచి ఒక్కసారిగా లేవకూడదు. కాసేపు మంచం మీదే కూర్చోవాలి. చెవులకు రుమాలు కట్టుకోవాలి. ఎండ పొడ వచ్చాకే నడకకు పోవాలి. బీపీ మాత్ర ఒక్క పూట కూడా మానకూడదు.

పగలు

పది గంటలకు ఇద్దరూ వాకిట్లో ఎండకు కూర్చున్నారు. అవ్వ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తాత దగ్గుతున్నాడు. ఏళ్ల తరబడి బొగ్గు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు అవి. చలిగాలి తగిలితే దగ్గు ఇంకా ఎక్కువవుతుంది. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే దవాఖానకు పోవాలి. కఫంలో రక్తం పడితే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

చలికాలంలో దప్పిక అంతగా తెలియదు. అయినా ఒంటికి నీళ్లు కావాలి. అవ్వ మధ్య మధ్య గోరువెచ్చని నీళ్లు ఇచ్చింది. తానూ తాగింది.

మధ్యాహ్నం అవ్వ బ్యాంకు పుస్తకం తీసింది. ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి చదివింది. తాత పింఛను పడింది. బొగ్గుగని కార్మికులకు ఈ పింఛను పథకం 1998లో వచ్చింది. ఏడాదికి ఒకసారి బతికి ఉన్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలి. ఇవ్వకపోతే పింఛను ఆగిపోతుంది.

భర్త పోతే భార్యకు పింఛను వస్తుంది. అందుకు ఆమె పేరు అన్ని కాగితాల్లో ఒకే తీరుగా ఉండాలి. అక్షరం తేడా ఉంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. భర్త ఉండగానే ఈ కాగితాలు చదివి సరిచూసుకోవాలి. మనం అక్షరాలు నేర్చుకున్నది ఇందుకే కదా!

రాత్రి

పొద్దుగూకింది. చలి పెరిగింది. అవ్వ బయట కుంపటి రాజేసింది. పొగ అంతా పోయింది. బొగ్గులు ఎర్రగా కణకణలాడుతున్నాయి. అప్పుడు కుంపటిని ఇంట్లోకి తెచ్చింది. తలుపు మూసింది. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది.

తాత చూశాడు. గబగబా లేచి తలుపు తెరిచాడు.

"ఏందే, కుంపటి లోపలవెట్టి తలుపేస్తున్నవ్?"

"పొగ పోయింది గదయ్యా! ఎచ్చగుంటదని తెచ్చిన."

"పొగ పోతె ఏమాయె? గ్యాసు పోయిందా? బాయిల గ్యాసు సంగతి నాకు తెల్వదా?"

తాత చెప్పింది నిజం. బొగ్గు కాలేటప్పుడు గాలి చాలకపోతే ఒక విషవాయువు పుడుతుంది. దాని పేరు కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు. వాసన లేదు. పొగ పోయిన తర్వాత కూడా, ఎర్రని నిప్పుల నుంచి అది వస్తూనే ఉంటుంది. పొగ ఉంటే కళ్లు మండి మనం లేస్తాం. ఈ వాయువు మనల్ని లేపదు.

మనం పీల్చిన ప్రాణవాయువును రక్తం ఒళ్లంతా మోసుకుపోతుంది. ఈ విషవాయువు రక్తాన్ని ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు ప్రాణవాయువుకు చోటు ఉండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది.

వెనకట ఇంగ్లండు బొగ్గుగనుల్లోకి చిన్న పిట్టలను తీసుకుపోయేవారు. విషవాయువు ఉంటే మనిషి కంటే ముందు పిట్ట పడిపోయేది. అది చూసి కార్మికులు బయటికి పరుగెత్తేవారు. తర్వాత యంత్రాలు వచ్చాయి. 1986లో అక్కడ పిట్టల పద్ధతి మానేయాలని నిర్ణయించారు. మన ఇంట్లో పిట్టా లేదు, యంత్రమూ లేదు. మన జాగ్రత్తే మనకు కాపలా.

కొన్ని ఊళ్లలో బాలింత మంచం దగ్గర కుంపటి పెడతారు. తలుపులన్నీ మూస్తారు. ఇది తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి తెస్తుంది.

అవ్వ కుంపటి బయట పెట్టింది. ఇద్దరూ అక్కడే చేతులు కాచుకున్నారు. తర్వాత నీళ్లు పోసి నిప్పు ఆర్పారు. అవ్వ వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి తాత కాళ్ల దగ్గర పెట్టింది. ఇద్దరూ గొంగళ్లు కప్పుకుని పడుకున్నారు.

గుర్తుంచుకోండి

1. పడుకునే గదిలో బొగ్గుల కుంపటి, కట్టెల నిప్పు పెట్టవద్దు. తలుపు ఓరగా తెరిచినా నమ్మవద్దు.
2. నిప్పు ఉన్న గదిలో తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, నీరసం వస్తే వెంటనే బయటికి రండి.
3. ఎవరైనా పడిపోతే ముందు తలుపులు తెరవండి. వారిని గాలిలోకి తీసుకురండి. 108కి ఫోన్ చేయండి.
4. షుగరు ఉన్నవారి కాళ్లకు వేడి సరిగా తెలియకపోవచ్చు. సీసాను చేత్తో ముట్టి చూశాకే పెట్టండి.

మాట్లాడుకోండి

మీ ఇంట్లో చలికి ఏం చేస్తారు? మీ వాడలో కుంపటి లోపల పెట్టుకునే అవ్వలు ఉన్నారా? ఈ పాఠం వారికి చదివి వినిపించండి.