రైడర్‌కు రేటు కట్టేదెట్లా?

2023 అక్టోబరులో జరిగిన ప్రో కబడ్డీ వేలంలో పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు పాడుకుంది. అప్పటిదాకా ఆ లీగ్‌లో ఎవరికీ అంత ధర పలకలేదు. కొన్నవాళ్ల నమ్మకాన్ని పవన్ వమ్ము చేయలేదు. ఆ సీజన్‌లో రెండు వందలకు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం పన్నెండింటిలో పన్నెండోదిగా మిగిలింది. 2025 వేలంలో అదే పవన్‌ను తమిళ్ తలైవాస్ 59 లక్షల 50 వేలకు తీసుకెళ్లింది. అతన్ని వదులుకున్న టైటాన్స్ ఆ ఏడాది ప్లేఆఫ్స్‌కు చేరింది.

మరి ధర కట్టినవాళ్లు లెక్క తప్పినట్టా? ఆటగాడి విషయంలో తప్పలేదు. ఏడుగురు ఆడే ఆటలో ఒక్కడు ఎంత బరువు మోయగలడన్న దగ్గరే తప్పారు.

ఈ తిప్పలు కబడ్డీకే పరిమితం కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పాస్ రషర్ అనే ఆటగాడుంటాడు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను, అది చేతిలోంచి వెళ్లేలోపే పడగొట్టడం అతని పని. దారిలో నూట ముప్పై, నూట నలభై కిలోల మనిషి అడ్డంగా నిలబడతాడు. దొరికేది రెండు మూడు సెకన్లు. ఎదుటివాడి కోటలోకి ఒంటరిగా చొరబడి పని ముగించుకునే రైడర్‌కు చాలా దగ్గరి చుట్టమే. అక్కడ వేలం ఉండదు, డ్రాఫ్ట్ ఉంటుంది. ముందటి ఏడాది అట్టడుగున ఉన్న జట్టు కాలేజీ కుర్రాళ్లలో మొదట ఏరుకుంటుంది. అంతకుముందే ఇండియానాపొలిస్‌లో కుర్రాళ్లను వరసబెట్టి కొలుస్తారు. ముప్పై ఆరున్నర మీటర్ల పరుగు, నిలువుగా ఎగరడం, నిలబడి దూకే లాంగ్ జంప్, షటిల్ రన్, 102 కిలోల బరువును ఎన్నిసార్లు ఎత్తగలడన్న పరీక్ష.

2008లో వెర్నన్ గోల్‌స్టన్ ఆ బరువును 37 సార్లు ఎత్తాడు. అంత కండతో అంత వేగంగా పరుగెత్తిన కుర్రాణ్ని చూసి, ఆటగాళ్లను వెతికే స్కౌట్లు నోళ్లు వెళ్లబెట్టారు. న్యూయార్క్ జెట్స్ అతన్ని ఆరో ఆటగాడిగా ఎంచుకుంది. మూడు సీజన్లలో అతను పడగొట్టిన క్వార్టర్‌బ్యాక్‌లు సున్నా. అతనికి ఐదేళ్ల ముందు టెరెల్ సగ్స్ కథ తిరగబడింది. కాలేజీలో ఒకే సీజన్‌లో 24 సాక్‌లు (క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడాన్ని అలా అంటారు) చేసి రికార్డు కొట్టిన సగ్స్, గడియారం పట్టుకుని పరుగెత్తించేసరికి నెమ్మదిగా కనిపించాడు. పదో స్థానం దాకా ఎవరూ పిలవలేదు. బాల్టిమోర్ తీసుకుంది. రిటైరయ్యేనాటికి అతని ఖాతాలో 139 సాక్‌లున్నాయి.

గడియారం అబద్ధం చెప్పలేదు. దాన్ని అడగాల్సిన ప్రశ్న వేరు, అంతే.

కబడ్డీలో ఆ ప్రశ్న ఏమిటో తెలియాలంటే ఒక్క రైడ్‌ను నిదానంగా చూడాలి. కూత మొదలైనప్పటినుంచి ముప్పై సెకన్లు. మధ్య గీత నుంచి 3.75 మీటర్ల దూరంలో బాక్ లైన్. ఎవరినీ తాకకుండా, దాన్ని దాటకుండా వెనక్కి వస్తే రైడర్ ఔట్. ఇంకో మీటరు లోపల బోనస్ గీత. ఎదుట ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడే అక్కడ పాయింటు దొరుకుతుంది. చూపు తెలిసినవాళ్లు ముందు కాళ్లనే చూస్తారు. ఏ కాలు ముందు పెడుతున్నాడు? బోనస్ కోసం ఒక కాలు గాలిలోకి లేపినప్పుడు రెండో కాలి మడమ నేలకు ఆనిందా, మునివేళ్ల మీదే ఉందా? మడమ ఆనితే కార్నర్‌లోని డిఫెండర్ చీలమండకు వల వేసేస్తాడు. ఆ తర్వాత చూడాల్సింది పట్టుబడ్డాక ఏం చేస్తాడన్నది. నడుము పట్టుకున్నవాణ్ని విదిలించుకోవడానికి వెనక్కి పెనుగులాడేవాడు ఒకడు. పడుతూ పడుతూనే మధ్య గీత వైపు చెయ్యి చాపేవాడు ఇంకొకడు. వేలికొస గీతకు తగిలితే చాలు, పట్టుకున్నవాళ్లంతా ఔట్.

పాయింట్ల పట్టికను కూడా గుడ్డిగా నమ్మకూడదు. పది పాయింట్లలో బోనస్‌లెన్ని, మనిషిని తాకి తెచ్చినవెన్ని? ఎదుట ముగ్గురే మిగిలినప్పుడు తెచ్చాడా, ఏడుగురూ ఉన్నప్పుడా? రెండు ఖాళీ రైడ్ల తర్వాత వచ్చే డూ ఆర్ డై రైడ్‌కు జట్టు ఇతన్నే పంపుతోందా? అమెరికాలో స్కౌట్లు సాక్‌ల లెక్కను ఇలాగే విప్పి చూస్తారు. బలహీనమైన కాలేజీ జట్టు మీద మూడు సాక్‌లు కొట్టినవాడికంటే, ఇద్దరేసి అడ్డుపడుతున్నా ప్రతిసారీ క్వార్టర్‌బ్యాక్‌ను కంగారుపెట్టినవాడికి ఎక్కువ మార్కులు పడొచ్చు.

ఒళ్లు సంగతీ ఉంది. ఇండియానాపొలిస్ పరీక్షల మూలం పరుగు పందెం కాదు, డాక్టర్ల తనిఖీ. ఒకే కుర్రాడికి ఇన్ని జట్లు విడివిడిగా ఎక్స్‌రేలు తీయించడం ఎందుకని అందరినీ ఒకచోటికి పిలిచారు. కానీ తనిఖీ చేసేది జరిగిపోయిన దెబ్బలనే. 2022లో తలైవాస్ 2 కోట్ల 26 లక్షల 50 వేలు పోసి ఇదే పవన్‌ను కొంటే, మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తం కూర్చోవాల్సి వచ్చింది.

తెలంగాణలో ఈ కొలతలు చాలా చిన్న వయసులోనే మొదలవుతాయి. హకీంపేటతో పాటు కరీంనగర్, ఆదిలాబాద్‌లలో ప్రభుత్వ క్రీడా పాఠశాలలున్నాయి. నాలుగో తరగతిలో చేర్చుకునేందుకు మండలం, జిల్లా, రాష్ట్రం అంటూ మెట్టు మెట్టుగా వడపోస్తారు. ఎత్తు, బరువు, 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్, 800 మీటర్ల పరుగు, 6×10 షటిల్ రన్, స్టాండింగ్ బ్రాడ్ జంప్, వర్టికల్ జంప్, మెడిసిన్ బాల్ విసరడం, ఒళ్లు వంచే పరీక్ష. ఇండియానాపొలిస్ జాబితాతో పక్కపక్కన పెట్టి చూస్తే సగం ఒకటే. తేడా ఏమిటంటే అక్కడ కొలిచేది ఇరవై దాటిన యువకుణ్ని, ఇక్కడ ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లను, పిల్లవాణ్ని. ఏడాది ముందుగా ఏపుగా ఎదిగిన పిల్లాడు ఆ రోజు ముందుంటాడు. పద్నాలుగేళ్లకు ఆ తేడా చెరిగిపోవచ్చు. ఈ వయసులో పరీక్ష చేయగలిగిందల్లా పనికొచ్చే ఒంటిని గుర్తించడమే. ఆట తెలివి ఉందో లేదో తేలేది హాస్టల్‌లో కొన్నేళ్లు ఆడాకే. ఎంపికల రోజున గేటు బయట కళ్లు తుడుచుకునే తల్లిదండ్రులకు ఈ మాట ఎవరైనా చెబితే బాగుండు.

పాత కరీంనగర్ జిల్లా కుర్రాడు ఐపీఎల్ వేలంలో ధర పలికిన సందర్భమూ ఉంది. సిరిసిల్ల జిల్లా పోతుగల్‌కు చెందిన ఎడమచేతి వాటం వికెట్ కీపర్ ఆరవెల్లి అవనీశ్ రావును 2023 డిసెంబరులో చెన్నై సూపర్ కింగ్స్ 20 లక్షల కనీస ధరకు తీసుకుంది. అప్పటికి అతను పంతొమ్మిదేళ్లు నిండనివాడు, అండర్-19 ప్రపంచకప్ ఇంకా మొదలు కాలేదు. ఆ ఐపీఎల్ సీజన్‌లో అతనికి ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. అంటే చెన్నై కొన్నది ఆటను కాదు, రాబోయే ఆట మీద ఆశను. 20 లక్షలకు అది సబబైన పందెమే.

కబడ్డీలో అలాంటి పందెం కాయాలంటే కుర్రాడు ముందు కంటపడాలి. ఇక్కడే ఊళ్లలో ఆడేవాళ్లకు చిక్కు. స్కౌట్లు చూసే ఆట మ్యాట్ మీద, బూట్లతో ఆడేది. ఊళ్లో ఆడేది మట్టిలో, ఉత్త కాళ్లతో. మట్టి కాస్త జారుతుంది, జారుతూ తిరగడం కాలికి అలవాటవుతుంది. మ్యాట్ బూటును పట్టేస్తుంది. మట్టిలో సునాయాసంగా తిరిగిన చీలమండ అక్కడ మెలిపడుతుంది. జిల్లా పోటీలలో పది పాయింట్లు తెచ్చినవాడు మ్యాట్ మీద మొదటి వారం తడబడితే అతనిలో సత్తా లేదనుకోవడం తొందరపాటు. గీత దగ్గర కూర్చున్న పాత కోచ్‌లు అలాంటివాణ్ని మొదటిరోజు పాయింట్లతో తూచరు. డిఫెండర్ చెయ్యి కదలకముందే రైడర్ తల అటు తిరుగుతోందా అని చూస్తారు.