తీగపై నిలుపవలసిన కాయ ఏది? – పుచ్చ, గుమ్మడి తోటలలో పిందెల ఏరివేత

కమలాపురం: పాపఘ్ని నది పెన్నలో సంగమించే కమలాపురం పరిసరాలలో నదీతీరపు ఇసుక కలిసిన నేలలు పుచ్చ, దోస, గుమ్మడి వంటి తీగజాతి పంటలకు అనువైనవి. దిగువన పెన్న ఒడ్డునే ఉన్న సిద్ధవటం దోసపండ్లకు పూర్వం నుండి పేరున్నది. వేసవి పంటగా జనవరి, ఫిబ్రవరి మాసాలలో విత్తిన పుచ్చ తీగలపై మార్చి నాటికి పిందెలు కనిపిస్తాయి. ఆ దశలో రైతు తన చేతులతోనే కొన్ని పిందెలను కోసివేయటం చూచినవారికి ఆశ్చర్యం కలుగవచ్చును. గట్టుమీద పడి ఉన్న పచ్చి పిందెల ఛాయాచిత్రం పంట నష్టానికి నిదర్శనంగా పత్రికలకు చేరే అవకాశమూ లేకపోలేదు. అందువలన ఈ పద్ధతిని పాత్రికేయ మిత్రుల, క్షేత్రస్థాయి అధికారుల సౌకర్యార్థం వివరించటమైనది.

తీగకు ఆహారం తయారుచేసేవి ఆకులు. ఉన్న ఆకులు పోషించగలిగినన్ని కాయలే చక్కగా ఊరుతాయి. ఎనిమిది పిందెలను అలాగే వదలివేస్తే అవి ఒకదానితో మరొకటి పోటీపడి, అన్నీ చిన్నవిగా, తీపి తక్కువగా మిగిలిపోతాయి. వ్యాపారి తోట వద్దకు వచ్చి కాయ పరిమాణాన్ని బట్టి ధర కడతాడు గనుక, సంఖ్య పెరిగినా రైతు రాబడి పెరగదు.

ఈ సూత్రాన్ని చిట్టచివరి హద్దు వరకు పాటించేవారు విదేశాలలోని భారీ గుమ్మడి సాగుదారులు. 2023 అక్టోబరులో అమెరికాలోని హాఫ్ మూన్ బేలో తూచిన గుమ్మడి 2,749 పౌండ్లు, అనగా సుమారు 1,247 కిలోలు ఉన్నది. 2025 అక్టోబరులో ఇంగ్లండులో తూచిన కాయ సుమారు 1,279 కిలోలతో దానిని అధిగమించింది. కెనడాకు చెందిన హోవార్డ్ డిల్ అభివృద్ధిపరచిన అట్లాంటిక్ జెయింట్ రకమే ఈ భారీ కాయలకు మూలం. ఇంతటి కాయకు ఒక పాదు మొత్తం అంకితమవుతుంది. మొదలుకు దగ్గరగా వచ్చిన పిందెలను వారు తీసివేస్తారు. అప్పటికి తీగకు తగినన్ని ఆకులు ఉండకపోవటమే కారణం. ప్రధాన తీగపై మొదలుకు సుమారు మూడు మీటర్లు దాటిన తరువాత పూచిన ఆడపూలకు చేతితో పరాగసంపర్కం చేసి, రెండు మూడు పిందెలను పోటీకి నిలిపి, టేపుతో తరచు చుట్టుకొలత తీస్తారు. వేగంగా పెరిగే పిందెను ఉంచి మిగిలినవి కోసివేస్తారు. అయితే వేగం ఒక్కటే చాలదు. తొడిమ తీగకు ఇంచుమించు లంబంగా ఉండాలి. లేనిచో ఊరే కాయ భుజం తీగను నొక్కి, తొడిమ తెగే ప్రమాదమున్నది. నెలల శ్రమ ఒక్క పూటలో వృథా అయ్యేది ఇక్కడే.

మన సంతలలో గుమ్మడిని ముక్కలుగా కోసి అమ్ముతారు గనుక అంతటి కాయతో మనకు పనిలేదు. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ విడుదల చేసిన అర్కా చందన్ రకం కాయ రెండు మూడు కిలోలు మాత్రమే తూగుతుంది. పుచ్చలో మాత్రం ఎంపిక తప్పనిసరి. తీగ మొదట్లో కాచే తొలి పిందె తరచుగా వంకరగా, తోలు మందంగా తయారవుతుంది. కనుక దానిని తీసివేసి, ప్రధాన తీగపై రెండవ లేదా మూడవ ఆడపువ్వు నుండి వచ్చిన పిందెను నిలపటం మేలు. మొక్కకు రెండు, బలమైన తీగ అయితే మూడు కాయలు చాలును. పిందె నిమ్మకాయ పరిమాణం దాటి కోడిగుడ్డంత అయ్యేసరికి ఈ పని ముగియాలి. ఆలస్యమైతే తీగ పెట్టిన ఆహారం కోసివేసిన కాయతోపాటే పోతుంది.

ఒకవైపు నొక్కుకుపోయిన పిందెను నిలుపరాదు. పరాగసంపర్కం అసంపూర్ణమైనచోట గింజలు సరిగా కట్టక, ఆ వైపు కండ పెరగదు. పుచ్చ, గుమ్మడి పూలు ఉదయమే విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోతాయి గనుక, ఉదయం వేళ పురుగుమందు చల్లితే తేనెటీగలు రాక ఈ లోపం అధికమవుతుంది. గొబ్బెమ్మల కోసం పిల్లలు కోసే గుమ్మడి పూలలో అధికభాగం మగపూలే. తోటలో కొన్ని మిగిల్చితే ఆ కోత వలన నష్టం లేదు. ఆడపూలు పెరిగేందుకు మొక్క రెండు నుండి నాలుగు ఆకుల దశలో లీటరు నీటికి మూడు నుండి నాలుగు గ్రాముల బోరాక్స్ కలిపి పిచికారీ చేయటం మన రాష్ట్రంలో సిఫారసులో ఉన్న పద్ధతి.

పిందెలు కోయటానికి రైతు మనసొప్పకపోవటం సహజం. మందు చల్లని తోటలోని లేత పిందెలు కూరకు పనికివస్తాయి గనుక ఆ బాధ కొంత తగ్గుతుంది.

పొలం పరిశీలనకు వెళ్ళిన అధికారులు, పాత్రికేయులు నేలపై పడిన పిందె తొడిమను ముందుగా చూడవలెను. నున్నగా తెగి, కాయ ఆరోగ్యంగా ఉంటే అది రైతు ఏరివేసినది. కొన వైపు పసుపుబారి ముడుచుకుని రాలితే పరాగసంపర్కం జరగనిది. తోలుపై సూదిగుచ్చినట్లు గాటు, లోపల పురుగులు ఉంటే అది పండు ఈగ నష్టం. అటువంటి పిందెలను పొలంలో వదలక లోతుగా పూడ్చిపెట్టాలి. 2020లో రైతు భరోసా కేంద్రాలుగా ప్రారంభమై నేడు రైతు సేవా కేంద్రాలుగా ఉన్నచోట, పంట నమోదు సమయంలో ఈ మూడింటినీ వేరువేరుగా గుర్తించి వ్రాయవలసి ఉన్నది.