మౌనముగా నున్న సర్వరు

పరీక్షా ఫలితములు వెలువడు దినమున లక్షలాది విద్యార్థులు ఒకే గంటలో తమ సంఖ్యలను కంప్యూటరునకు పంపుదురు. ప్రతి ప్రశ్నకును మూల భాండాగారమును వెదకవలసి వచ్చినచో అది ఆ భారమును మోయజాలదు. ఉపాధ్యాయుడు తరచుగా కావలసిన గ్రంథమును బీరువాలో పెట్టక బల్లపైననే ఉంచుకొనునట్లు, పలుమారు అడుగబడు సమాచారమును వేగముగా అందు స్మృతిలో విడిగా ఉంచుదురు. దీనినే 'కాష్' అందురు. ఒక యంత్రము చాలనపుడు పెక్కు సర్వరులు ఈ పనిని పంచుకొనును.

ఇట్టి సాధనములలో 'రెడిస్' ప్రసిద్ధమైనది. దీనిని 2009లో ఇటలీ దేశీయుడైన సాల్వతోరె సాన్‌ఫిలిప్పో రూపొందించెను. సర్వరులు సమూహముగా పనిచేయు ఏర్పాటు 2015లో దీనికి చేకూరినది. ఈ ఏర్పాటులో సమాచారమంతయు 16,384 అరలుగా విభజింపబడి ప్రధాన సర్వరులకు పంచబడును. ఒక ప్రధాన సర్వరు ఆగిపోయినచో దాని స్థానమును గ్రహించుటకు ప్రతిరూప సర్వరు సిద్ధముగా ఉండును.

కాని ఒక సర్వరు ఆగిపోయినదని తెలియుట ఎట్లు? సర్వరులు ఒకదానికొకటి 'పింగ్' అను చిన్న సందేశమును తరచుగా పంపుకొనును. అందుకొన్నది 'పాంగ్' అని బదులీయవలెను. బదులు రాలేదనుకొందము. యంత్రము చెడియుండవచ్చును, నడిమి తీగ తెగియుండవచ్చును, యంత్రము బాగుగనే ఉండి పనియొత్తిడిచే ఆలసించుచుండవచ్చును. అడిగినవానికి ఈ మూడును ఒకే మౌనముగా తోచును. తొందరపడి మరణమని నిర్ణయించినచో ఒకే అరకు ఇద్దరు యజమానులు ఏర్పడుదురు. నిర్ణయము ఆలసించినచో అడిగినవారికి సమాధానము దొరకదు.

అందుచే రెడిస్ సమూహము సందేహమును, తీర్పును వేరుచేయును. నియమిత కాలములో బదులు రానిచో అడిగిన సర్వరు 'అనుమానము' అని మాత్రమే గుర్తించుకొనును. వేరు మార్పు చేయనిచో ఆ కాలము 15 సెకండ్లు. ఈ అనుమానమును అది ఇతర సర్వరులకు పింగులతోపాటు తెలియజేయును. ప్రధాన సర్వరులలో సగముకంటె ఎక్కువ అదే మాట చెప్పినపుడే 'మృతి' అను తీర్పు వెలువడును.

క, చ, ట అను మూడు ప్రధాన సర్వరులు కలవనుకొందము. ట యొక్క తీగ తెగినది. క, చ లు ట ను అనుమానించును. ట కూడ ఆ రెండింటిని అనుమానించును. కాని ట ఏకాకి. దానికి అధిక సంఖ్య లభింపదు. క, చ లు తీర్పుచెప్పి, తమవైపుననున్న ట ప్రతిరూపమును ఎన్నుకొనును. నియమిత కాలము గడచిన పిమ్మట ట తనంతట తానే పనిని మానుకొనును. అయినను ఆ కొద్ది వ్యవధిలో ట స్వీకరించిన వ్రాతలు నశింపవచ్చును. మూలప్రతి వేరొకచోట లేనిచో ఈ నష్టము తీరనిది.

పర్యవేక్షకులు గమనింపదగిన విషయ మొకటి కలదు. వాడుకరులు రెడిస్‌ను సాధారణముగా 6379 అను ద్వారమున కలిసికొందురు. సర్వరులు తమలో తాము మాటలాడుకొను ద్వారము దానికి 10,000 కూడగా వచ్చు 16379. మొదటిది మాత్రమే పరీక్షించి అంతయు క్షేమమని తలచువాడు పొరబడును. రెండవది మూతపడినచో, బ్రతికియున్న సర్వరును తోటివారు మృతమైనదిగనే ఎంచుదురు.

కనుక సర్వరు సమాధానమిచ్చుచున్నదా అని అడిగిన చాలదు. ఎవరికి ఇచ్చుచున్నదో, ఎవరికి ఇచ్చుట లేదో కూడ విచారింపవలెను.