చిన్న ప్లగ్గు, పెద్ద ప్లగ్గు ఎందుకు?



వంటగది బోర్డు మీద రెండు రకాల ప్లగ్గులు చూసే ఉంటారు. ఒకదానికి చిన్న రంధ్రాలు, ఇంకోదానికి పెద్ద రంధ్రాలు. ఇది అందం కోసం కాదు. చిన్నది 6 ఆంపియర్లది, పెద్దది 16 ఆంపియర్లది. పెద్దవాళ్లు వీటినే 5 ఆంప్స్, 15 ఆంప్స్ అంటుంటారు.

లెక్క చేద్దాం

ఇండ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. 230 × 6 = 1380. అంటే చిన్న ప్లగ్గు మోసేది 1380 వాట్లే. 500 వాట్ల మిక్సీకి అది చాలు. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యికి దాదాపు 8.7 ఆంపియర్లు కావాలి. దానికి పెద్ద ప్లగ్గే ఉండాలి.

చిన్నదానికే పెడితే ఏమైతది? కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. ఇదే జౌల్ నియమం. ముందు ప్లగ్గు వేడెక్కి నల్లబడుతుంది, కాలిన వాసన వస్తుంది. తర్వాత తీగ మీది తొడుగు కరిగి మంట లేస్తుంది. ప్లగ్గు ఒక్కటి మార్చితే సరిపోదు. లైట్లకు 1.5 చదరపు మి.మీ. రాగి తీగ చాలు గాని, పెద్ద ప్లగ్గుకు 2.5 లేదా 4 చదరపు మి.మీ. తీగ బోర్డు దాకా వేరుగా రావాలి.

మూడో పిన్ను

పైనున్న లావు పిన్ను ఎర్తుది. అది పొడుగ్గా ఉంటుంది కాబట్టి ముందు తగులుతుంది, చివర ఊడుతుంది. గ్రైండరు లోపలి తీగ తెగి ఇనుప డబ్బాకు తగిలితే, కరెంటు ఎర్తు తీగ గుండా పోయి ఫ్యూజు కొట్టేస్తుంది. ఎర్తు లేకుంటే ముట్టుకున్న మనిషి ఒంట్లోంచి పోతుంది. వంటగదిలో నేల తడి, చేతులు తడి. అందుకే ప్రమాదం ఎక్కువ.

ఇంకో రక్షణ ఆర్.సి.సి.బి. పోయిన కరెంటుకు, తిరిగొచ్చిన కరెంటుకు 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది.

గుర్తుంచుకోండి

1. వైర్ల కొసలు అగ్గిపుల్లలతో ప్లగ్గులో గుచ్చొద్దు.
2. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పొయ్యి, కెటిల్ రెండూ పెట్టొద్దు.
3. ఫ్యూజు పోతే లావు తీగ చుట్టొద్దు.
4. ప్లగ్గు నల్లాకు, పొయ్యికి దూరంగా ఉండాలి.
5. ఎవరికైనా షాక్ కొడితే ముట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపాలి, తర్వాత 108కి ఫోన్ చేయాలి.

మన తండాల్లో, గూడేల్లో చాలా ఇండ్లకు లైటు, ఫ్యాను కోసమే వైరింగు చేశారు. ఇప్పుడు అదే తీగ మీద మిక్సీ, పొయ్యి నడుస్తున్నాయి. సెలవులకు పోయినప్పుడు ఆ బోర్డు ఒక్కసారి చూడండి, అమ్మకు చెప్పండి. పెద్ద అంబర్‌పేట్‌లో మన హాస్టల్ వంటగదిని కూడా ప్రతి టర్ము మొదట్లో ఎలక్ట్రీషియన్‌కు చూపించాలని వార్డెన్ సార్లకు మా మనవి.

తెలిసి వాడితే కరెంటు వెలుగు, తెలియక వాడితే నిప్పు!