ఆగిన కారులో కుక్కకు అంత ప్రమాదం ఎందుకు?

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో టిఫిన్‌కి కారు ఆపినప్పుడు, "పది నిమిషాలేగా" అని కుక్కను లోపలే వదిలేస్తుంటారు. ఆ పది నిమిషాలతోనే చిక్కు. ఎండ అద్దంలోంచి సులువుగా దూరి సీట్లను, డ్యాష్‌బోర్డును కాలుస్తుంది. వాటి సెగకు వేడెక్కిన గాలికి మాత్రం బయటికి దారి ఉండదు. ఎండలో నిలిపిన కారును అమెరికాలో పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించారు. గంటలో లోపలి వేడి సగటున 22 డిగ్రీల సెల్సియస్ పెరిగింది, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే!

మనకంటే కుక్కకే ఎక్కువ కష్టం ఎందుకంటే, మనకు ఒళ్లంతా చెమట పట్టి, అది ఆరుతూ వేడిని తీసుకుపోతుంది. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా పాదాల అడుగు మెత్తల్లోనే. అందుకే నాలుక వేలాడేసి రొప్పుతుంది. తడి నాలుక మీదుగా గాలి ఆడి, తడి ఆవిరై, ఒళ్లు చల్లబడుతుంది. మూసిన కారులో దాని ఊపిరితోనే గాలి తేమెక్కుతుంది. ముసురు పట్టిన రోజున ఉతికిన బట్టలు ఆరనట్టే, ఆ గాలిలో నాలుక తడీ సరిగా ఆరదు. చప్పిడి ముక్కు పగ్‌లకైతే మరీ కష్టం. మామూలుగా 38, 39 డిగ్రీలుండే ఒంటి వేడి 41 దాటితే వడదెబ్బే. అద్దం కాస్త దించితే చాలదా అంటారు. ఆ పరీక్షలో దించీ చూశారు, పెద్ద తేడా రాలేదు. నీడన ఆపితే కొంత నయమే కానీ, నీడ జరిగిపోతుంది, మే నెల వడగాలి జరగదు. ఒకరి తర్వాత ఒకరు తిని, రెండోవారు కుక్కతో చెట్టు కింద నీళ్ల గిన్నె పెట్టుకుని కూర్చోవడమే నయం.