వార్తల్లో పదం: క్యాకెక్సియా

బాగ్ లింగంపల్లిలో మా పక్కవాటా అక్కకు అండాశయ క్యాన్సర్. ఆమె చిక్కిపోతోందని ముందు చెప్పింది గాజులే. మణికట్టు దగ్గర ఉండాల్సినవి మోచేతి దాకా జారాయి. "మందుల వేడిలేమ్మా" అనేది.

క్యాన్సర్ వల్ల ఇలా కండ కరిగిపోవడమే క్యాకెక్సియా. 'చెడ్డ స్థితి' అనే గ్రీకు మాట ఇది. 2011లో అంతర్జాతీయ నిపుణులు దీనికి కొలత పెట్టారు: ఆరు నెలల్లో బరువు 5 శాతానికి మించి తగ్గడం. అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు దాటి తగ్గితే చాలు. ముందే సన్నగా ఉంటే 2 శాతం దాటినా లెక్కే. పస్తులున్న ఒళ్లు తిండి పెడితే కోలుకుంటుంది. ఇక్కడ కణితి రేపే ఇన్‌ఫ్లమేషన్ ఆకలిని చంపుతుంది, కండను కరిగిస్తుంది. అందుకే తిండి ఒక్కటే చాలదు.

కీమో మోతాదును చాలావరకు ఎత్తు, బరువు చూసి లెక్కకడతారు. కండ ఎంతుందో అందులో తేలదు. కండ తగ్గినవాళ్లకు అదే మందు ఎక్కువ బాధపెడుతుంది. నోటిపూత వస్తుంది, రక్తకణాలు పడిపోతాయి, తర్వాతి సైకిల్ వాయిదా పడుతుంది. రొమ్ము క్యాన్సర్‌లోనైతే చాలామంది బరువు పెరుగుతారు, కొవ్వు మాటున కండ నష్టం కనబడదు. పైగా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత. జబ్బు రాకముందే ఒంట్లో నిల్వలు లేవన్నమాట.

నన్ను ఎక్కువ బాధపెట్టేది పథ్యం. గుడ్డు వేడి, పప్పు వాతం అని మాన్పించి చారన్నంతో సరిపెడతారు. క్యాన్సర్ రోగికి కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. డాక్టరు వద్దంటే తప్ప ఏదీ మాన్పించకండి. అక్క ఇప్పుడు పొద్దున్నే ఉడికించిన గుడ్డు తింటోంది, సగం సగంగా, రెండుసార్లు.